ఏడుపు షీటు

డయానా ఏడుపుకి మార్కులు వేసే పని నాది.

నేను అడిగి తీసుకున్న పని కాదు. దోహాలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ కూలబడుతుందో ముందే కనిపెట్టి, రాసినవాళ్ళ మనసు నొచ్చుకోకుండా చెప్పడం నా ఉద్యోగం. ఈ సంగతి తెలిసిన రోజే మా తెలుగు అసోసియేషన్ ఎడ్విన్ అన్నయ్య నన్ను పక్కకి పిలిచాడు.

"షెరిన్, నీకు ఎక్సెల్ బాగా వచ్చు కదా. మన నాటకానికి ఒక ఎమోషన్ ట్రాకర్ కావాలమ్మా."

పాతికేళ్ళుగా ఆయన సేఫ్టీ మేనేజర్. హెల్మెట్లకి షీటు, బెల్టులకి షీటు, మంటలార్పే సిలిండర్లకి షీటు. ఏడుపుకి మాత్రం ఎందుకుండకూడదు? అలా పుట్టింది ఏడుపు షీటు. తేదీ, మొదటి చుక్క రావడానికి పట్టిన సమయం, ఎంతసేపు కారింది, పదికి ఎన్ని మార్కులు, రిమార్కులు. మొదటివారం రిమార్కుల్లో నేను "కాటుక కారింది, టిష్యూలు తెప్పించాలి" అని రాశాను. ఎడ్విన్ అన్నయ్య అది చదివి, గుడ్ అబ్జర్వేషన్ అన్నాడు.

నాటకం పేరు 'పెట్టె'. రాసిందీ, ఆడిస్తున్నదీ ఆయనే. అక్టోబరు ఆఖర్లో మా తెలుగు అసోసియేషన్ వార్షికోత్సవంలో, అబూ హమూర్‌లోని ఒక స్కూలు ఆడిటోరియంలో వెయ్యాలి. ఉత్తర తెలంగాణ పల్లెలో ఒక తల్లి ఉంటుంది. ఖతర్‌కి పనికి పోయిన కొడుకు పెట్టెలో తిరిగొస్తాడు. తల్లి ఏడుస్తుంది. కథ అంతే. ఈ కూలివాళ్ళ కథలో వేషాలు వేసేవాళ్ళందరూ ఏసీ చలికి తట్టుకోలేక ఆఫీసులో స్వెట్టర్ వేసుకునే జాతి. అందులో డయానా నా ఫ్లాట్‌మేట్. అల్ మన్సూరాలో మా ఇద్దరిదీ ఒకటే ఫ్లాటు, ఒకటే రైస్ కుక్కరు. ఆమెది తల్లి వేషం. వయసు ఇరవై తొమ్మిది, ఊరు రాజోలు, ఒక కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్.

ఎడ్విన్ అన్నయ్యకి నటన ఎక్కడ వచ్చిందంటే, పోయిన వెకేషన్లో హైదరాబాద్‌లో వచ్చింది. పదకొండు రోజుల వర్క్‌షాపులో వచ్చేసింది. ఆ సర్టిఫికెట్‌ని లామినేట్ చేయించి, అల్ తుమామాలోని వాళ్ళ విల్లా హాల్లో టీవీ పైన తగిలించాడు. ఇక్కడ సెలవు శుక్రవారం. ఆ రోజు చర్చి అయ్యాక ఆ హాల్లోనే మా రిహార్సల్స్. మంగళవారం సాయంత్రాలు కూడా.

మొదటి రోజే చెప్పేశాడు. "యాక్ట్ చెయ్యొద్దు. ఉండండి. అంతే."

ఉండటం నేర్పించడానికి మొదటి రెండు వారాలు ఎవరికీ డైలాగు ఇవ్వలేదు. అందరినీ బల్లుల్ని చేశాడు. పర్చేజ్ మేనేజర్ గజేందర్ గారు నాటకంలో ఊరి సర్పంచి. ఆయన కూడా బల్లి అయ్యి, కార్పెట్ మీద పాక్కుంటూ సోఫా కిందికి వెళ్ళి ఇరుక్కుపోయారు.

"ఎడ్విన్ గారూ, నా మోకాలు పట్టేసిందండీ!"

"మీకిప్పుడు మోకాలు లేదు సార్. మీరు బల్లి. బల్లికి మోకాలుండదు."

బల్లికి మోకాళ్ళుంటాయి. నేను ఫోన్లో చూశాను. చెప్పలేదు. సోఫాని నలుగురం కలిసి ఎత్తాం.

కొడుకు వేషం రిచర్డ్‌ది. హెచ్చార్‌లో చేస్తాడు. పాత్రలో ఉండాలని ఆగస్టు నెల మధ్యలో, మిట్టమధ్యాహ్నం, వాళ్ళ ఆఫీసు పార్కింగ్‌లో నిలబడ్డాడు. ఇరవై నిమిషాలకి కళ్ళు తిరిగి పడితే సెక్యూరిటీ అతను మొహాన నీళ్ళు కొట్టాడట. మూడు రోజులు సిక్ లీవు. ఎడ్విన్ అన్నయ్య మా అందరి చేతా రిచర్డ్‌కి చప్పట్లు కొట్టించాడు. "డెడికేషన్ అంటే ఇదీ!"

ఆ చప్పట్లప్పుడే రాజన్నతో నేను మొదటిసారి మాట్లాడాను. రాజన్న ఎడ్విన్ అన్నయ్య కంపెనీలోనే స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పని చేస్తాడు. మెట్‌పల్లి దగ్గర పల్లె, యాభై దాటాయి, గల్ఫ్‌కి వచ్చి పద్దెనిమిదేళ్ళు. మా కోస్తా నోళ్ళకి తెలంగాణ యాస దిద్దడానికని శుక్రవారాలు ఆయన్ని లేబర్ క్యాంపు నుంచి కార్లో తెచ్చేవారు. ఎడ్విన్ అన్నయ్య ఆయన్ని అందరికీ 'రియల్ లైఫ్ రిసోర్స్' అని పరిచయం చేశాడు. ఆ తర్వాత వంటింటి గుమ్మం పక్కన ప్లాస్టిక్ స్టూలు చూపించాడు.

"ఆ సారు ఏం పనికి నిలవడ్డడు మేడం ఎండల?" అన్నాడు రాజన్న మెల్లిగా.

"పనికి కాదండీ. ఎండలో పని చేస్తే ఎలా ఉంటుందో తెలుసుకోడానికి."

"పగటీలి పన్నెండు గంటలకా?"

"ఊఁ."

రాజన్న రిచర్డ్ వైపు జాలిగా చూశాడు. "ఎండకాలం ఆ యాళ్లకు బయట పని బందు గద మేడం. సర్కారు ఆర్డరు. మేం సుత నిలవడం." టీ ఒక గుక్క తాగి మళ్ళీ అన్నాడు. "ఎండ ఎట్లుంటదో నన్నడిగితే చెప్పేటోన్ని గద."

ఆ ఆర్డరు కాగితాన్ని ప్రతి జూన్‌లో సైట్లో గోడకి అతికించే ఉద్యోగం ఎడ్విన్ అన్నయ్యదే.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది. డయానా వంతు వచ్చేసరికి నవ్వు తగ్గింది.

తల్లి ఏడవాలి. నాటకం మొత్తం ఆ ఏడుపు మీదే నిలబడింది. ఎడ్విన్ అన్నయ్య ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, లైట్లు తగ్గించి, తగ్గు గొంతుతో అడిగాడు. "నీ జీవితంలో బాగా నొప్పి పెట్టింది ఏది తల్లీ? నువ్వు చెప్పేదాకా ఇక్కడెవరూ కదలరు."

ఎవరూ కదలలేదు. గజేందర్ గారు మాత్రం మోకాలు రుద్దుకున్నారు. చివరికి డయానా చెప్పేసింది.

వాళ్ళ నాన్న ధర్మరాజు గారు రెండేళ్ళ క్రితం గుండె ఆగి పోయారు. డయానా విమానం దిగి ఇల్లు చేరేసరికి భూస్థాపన కూడా అయిపోయింది. పోవడానికి నాలుగు రోజుల ముందు ఆయన రొయ్యల చెరువు గట్టు మీద నుంచి ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. నలభై ఒక్క సెకన్లు. అందులో పెద్ద విషయమేమీ లేదు. గ్యాస్ పుస్తకం ఎక్కడ పెట్టావని అడిగారు. వెనకాల చెరువులో గాలి తిప్పే మోటార్ల మోత. ఆ మెసేజ్‌ని డయానా ఏడాదికి రెండుసార్లు వినేది. ఆయన పుట్టినరోజున, పోయిన రోజున. విన్న రోజు నాతో కూడా మాట్లాడేది కాదు.

"ఆ ఆడియో నాకు పంపు," అన్నాడు ఎడ్విన్ అన్నయ్య. ఆయన కళ్ళు అమ్మకానికి మంచి స్థలం కనిపించినవాడి కళ్ళలా మెరిశాయి.

"వద్దులే అన్నయ్యా."

"ఆర్టిస్టు దాచుకోకూడదు తల్లీ. ఇవ్వాలి."

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. డయానా పంపేసింది. నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క మాటంటే ఆగేదేమో. షీటు తెరిచి తేదీ వేసుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి ఏడుపు సీను ముందు ప్రతిసారీ ఆ నలభై ఒక్క సెకన్లు స్పీకర్లో వినిపించేవాడు. ఒక రిహార్సల్‌కి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు. మొదటిరోజు పన్నెండు సెకన్లకే చుక్క పడింది. పదికి పది వేశాను. డయానా ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. రెండోవారం తొమ్మిది. తర్వాత ఎనిమిది. సెప్టెంబరు మొదట్లో ఆరు. ఒక మంగళవారం నాలుగు, ఆ శుక్రవారం రెండు. ఆ రెండు కూడా జాలితో వేసినవే. ఆమె కళ్ళు బలవంతంగా నొక్కుకుంటుంటే చూడలేకపోయాను.

మా పనిలో ఒక చిన్న నియమం ఉంటుంది. అసలు డేటా మీద ప్రయోగాలు చెయ్యకూడదు. నకలు తీసుకుని, పాడైనా పర్లేదనుకున్నదాని మీద చెయ్యాలి. మొన్న చేరిన ట్రైనీకి కూడా ఇది తెలుసు. పదకొండు రోజుల కోర్సులో ఈ పాఠం లేనట్టుంది.

"ఇవాళ బస్సులో విన్నానే," అంది డయానా ఆ రాత్రి అన్నం కలుపుతూ. "ఎవరో ముసలాయన గ్యాస్ పుస్తకం అడుగుతున్నట్టుంది. అంతే. ఏమీ లేదు. నాకేమన్నా అయిందంటావా?"

"నీకేం కాలేదు. ఆ ఎడ్విన్ అన్నయ్యకే అయింది."

"నవ్వించకే. నాన్న గొంతు పోయింది షెరిన్. ఫోన్లో ఉంది గానీ, పోయింది."

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఆ మర్నాడే వాళ్ళమ్మ సుసన్న గారి ఫోను. స్పీకర్లో పెట్టింది కాబట్టి నాకూ వినిపించింది.

"ఏమే, అక్కడ ఎడ్విన్ గారని ఎవరో ఫోన్ చేశాడే. మంచిగా మాట్లాడాడు. నాన్నగారి భూస్థాపన లైవు లింకు అడిగాడు. ఫ్యామిలీ ప్రేయర్‌లో పెట్టుకుంటామన్నాడు. పంపేశాను."

మా గోదావరి వైపు ఇప్పుడు పెళ్ళికైనా చావుకైనా ఫోటో స్టూడియోవాళ్ళు వచ్చి యూట్యూబ్‌లో లైవ్ పెడతారు. పై దేశాల్లో ఉన్న పిల్లల కోసం. ధర్మరాజు గారిదీ పెట్టారు. డయానా ఆ లింకుని ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా తెరవలేదు. ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని, టాక్సీ పిలిచింది. నేనూ ఎక్కాను.

ఎడ్విన్ అన్నయ్య సిగ్గుపడలేదు. "నీ మంచికే తల్లీ. ఆ వాయిస్ ఎక్స్‌పైర్ అయిపోయింది. ఇంకాస్త స్ట్రాంగ్ మెటీరియల్ కావాలి. వచ్చే శుక్రవారం లైట్లు ఆర్పేసి, పెద్ద టీవీలో చూద్దాం. అందరం నీతో ఉంటాం."

సిలిండర్ల గురించి కూడా ఆయన ఇదే మాటంటాడు. ఎక్స్‌పైర్ అయిపోయింది, మార్చండి.

"ప్రేయర్ అని చెప్పారంట మా అమ్మతో," అంది డయానా.

"నటన కూడా ప్రార్థనే కదమ్మా."

డయానా టీవీ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "వచ్చే శుక్రవారం నేను ఏడిస్తే ఆ లింకు మాట మళ్ళీ ఎత్తకూడదు. వీడియో లేకుండా, ఆడియో లేకుండా ఏడుస్తాను."

"ఏం పెట్టి ఏడుస్తావు మరి?"

"అది నా ఇష్టం."

"సరే. రాకపోతే మాత్రం టీవీ ఆన్ చేస్తాను," అన్నాడాయన సంతోషంగా.

బయటికొచ్చాక అన్నాను. "మానెయ్యవే. ఏం కొంపలు మునిగాయి?"

"ఆరేళ్ళ నుంచి డ్రాయింగులకి నంబర్లు వేస్తున్నాను. కాలేజీలో స్టేజీ ఎక్కితే కాళ్ళలో ఒణుకు వచ్చి, అది పోయాక ఒక హాయి వచ్చేది. అది మళ్ళీ కావాలి. ఆయన కోసం నేనెందుకు మానాలి? ఆయనే మానొచ్చుగా."

విల్లా గేటు పక్కన రాజన్న టీ తాగుతూ నిలబడి ఉన్నాడు. స్టేజీ సెట్టు కోసం చెక్కలు దింపడానికి వచ్చాడట. లోపలి మాటలన్నీ విన్నట్టే ఉన్నాడు. ఎడ్విన్ అన్నయ్య గొంతు గోడలు దాటకుండా ఉండదు.

"బిడ్డా, ఒక మాటంటె ఏమనుకోవు గద?" అన్నాడు. అంతవరకూ మేడం అనేవాడు.

"చెప్పండి బాబాయ్."

"బాబాయ్ ఏంది, కాకా అను. స్టేజీ మీద నీ అయ్యను తలుసుకుంటె, ఇంట్ల ఎవల్ని తలుసుకుంటవ్?"

రాజన్న చెక్కల మీద కూర్చుని, తనది భాగోతమాడే ఇల్లని చెప్పాడు. వాళ్ళమ్మ ఎల్లవ్వ యాభై ఏళ్ళు ఊరూరా ఆడిందట. రాణి వేషం, రాక్షసి వేషం, తల్లి వేషం.

"ఏడ్పు సీనుల ఎల్లవ్వను జూసి ఊరంత ఏడ్సేది. తెల్లారంగ మల్ల నవ్వుకుంట బియ్యం అడుగ పోయేది. మా నాయిన సచ్చిపోయిన పదకొండో నాడు సుత ఆడింది. ఎట్లా అంటె, అది యేరే, ఇది యేరే."

"ఏడ్చేటప్పుడు ఏం తలుచుకునేవారు?"

"తలుసుకునుడేంది? దరువు లెక్కవెట్టేది."

నాకు నవ్వొచ్చింది. డయానాకి రాలేదు. "చూపిస్తావా కాకా?" అంది.

రాజన్న చేతిలోని టీ కప్పు నాకిచ్చాడు. లేచి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత కుడి భుజం ఒక్కటే, సన్నగా కదిలింది. చాలా సేపటికి ఎడమది. మొహం ఎప్పుడు చూస్తామా అని నేను మెడ చాపాను. ఆయన తిరగలేదు. లోపలికి గాలి పీల్చిన చప్పుడు మాత్రం వచ్చింది, బావిలో చేద తగిలినట్టు. అప్పుడు తిరిగాడు. రెండు చేతులూ తల మీదికి పోతున్నాయి, ఎంత మెల్లిగా అంటే ఆపాలనిపించేంత మెల్లిగా. "కొడుకా, రొట్టె కట్టుకపోతివి కొడుకా, సద్ది మరిసిపోతివి కొడుకా" అని గొంతెత్తాడు. ఆయాసం తెగినచోటల్లా మాట తెగింది. యూనిఫాం మీద కంపెనీ పేరు, కాళ్ళకి సేఫ్టీ బూట్లు. ఎదురుగా పక్క విల్లాలో కారు తుడుస్తున్న డ్రైవరు గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నా కళ్ళు ఎప్పుడు నిండాయో తెలీదు.

మధ్యలో ఆపేసి, "చాయ్ సల్లారుతుంది, ఇటియ్యి బిడ్డా," అన్నాడు.

చప్పుడు విని ఎడ్విన్ అన్నయ్య బయటికొచ్చాడు. రెండు చేతులూ కట్టుకుని, పెద్దమనిషిలా నవ్వాడు. "రాజన్నా, ప్రయత్నం బాగుంది. కానీ ఓవర్. నాటకంలా ఉంది."

"నాటకమే గద సారు," అన్నాడు రాజన్న.

ఆ వారమంతా డయానా డ్యూటీ అయ్యాక క్యాంపు దగ్గరి టీ కొట్టు పక్కన రాజన్న దగ్గర నేర్చుకుంది. నేను కాపలా, టీలు మోసే పని. ముందు ఊపిరంతా వదిలెయ్యాలి. ఇంక లేదనుకున్నాక ఇంకా కొంచెం వదలాలి. అప్పుడు పొట్ట దానంతటదే ఎగురుతుంది. ఏడుపు అక్కడ పుడుతుంది, కంట్లో కాదు.

"నవ్వుకు, ఏడ్పుకు కడుపుల ఒక్కటే సంచి. నవ్వు సూద్దాం. నవ్వు, నవ్వు. ఆఁ, గిప్పుడు నోరు మూస్కో. సంచి ఎగురుతాంది సూడు."

మొహం ముందే చూపించకూడదు, జనం వెతుక్కోవాలి. చెయ్యి నాలుగు దరువులకి తల మీదికి చేరాలి, మూడుకి చేరితే దోమని కొట్టినట్టుంటుంది. మాట లేని ఏడుపు కుక్క ఏడుపు. పోయినవాడు ఏం తినేవాడో, ఏం మరిచిపోయేవాడో చెప్పుకుంటూ ఏడవాలి.

రాజన్న మెచ్చుకోవడం నేను ఒక్కసారీ చూడలేదు. "మల్ల," అంటాడు. అంతే. చిన్నప్పుడు నేర్చుకోవడం మొదలెట్టాక మూడేళ్ళ దాకా ఆయన్ని ఎల్లవ్వ గజ్జెలు కట్టనివ్వలేదట. ఒట్టి కాళ్ళతోటే తాళం. పదకొండు రోజుల సర్టిఫికెట్ సంగతి చెబితే, "రోజుకు ఎన్ని గంటలు?" అని నిజంగానే అడిగాడు.

శుక్రవారం వచ్చింది. టీవీలో లింకు తెరిచి, సిద్ధంగా ఆపి ఉంచాడు ఎడ్విన్ అన్నయ్య. తెర మీద పూలదండలు, స్టూడియో పేరు, ధర్మరాజు గారి ఫోటో. డయానా ఆ వైపు వీపు పెట్టి నిలబడింది. భుజం కదిలింది. నేను షీటు తెరవడం మరిచిపోయాను. సోఫాలో గజేందర్ గారు మోకాలు మరిచిపోయి వెక్కివెక్కి ఏడ్చారు. రిచర్డ్ అప్పటికే చచ్చిపోయి పెట్టెలో పడుకుని ఉన్నాడు. పెట్టెలోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

ఎడ్విన్ అన్నయ్య టీవీ ఆపి, అందరి వైపూ తిరిగాడు. "చూశారా? వీడియో పెడతానన్న షాక్‌తో లోపల ఉన్నదంతా బయటికొచ్చింది. ఇదీ టెక్నిక్."

పదికి తొమ్మిది వేశాను. రిమార్కుల్లో "రెండో చెయ్యి కాస్త తొందర" అని రాశాను. అలా రాయమన్నది రాజన్న.

ప్రదర్శన రోజు ఆడిటోరియం నిండింది. నేను వెనకాల సౌండ్ టేబుల్ దగ్గర, చెవులకి హెడ్‌ఫోన్లు. రాజన్న స్టేజీ పక్కన తెర తాడు దగ్గర. ఆయనకి హాల్లో సీటు ఎవరూ ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

డయానా సీను మొదలైంది. వీపు, భుజం, గాలి. ముందు వరసలో ఎవరిదో ఫోను మోగింది. డయానా ఆగింది. అది మోగి మోగి ఆగేదాకా, పెట్టె లోపల కొడుకే ఫోను చేస్తున్నాడేమో అన్నట్టు పెట్టె వైపు చూస్తూ ఉంది. ఆ తర్వాత గొంతెత్తింది. హాల్లో ముక్కులు చీదే చప్పుడు నా హెడ్‌ఫోన్లు దాటి వినిపించింది. అసోసియేషన్ సెక్రటరీ మెహర్ సుల్తానా గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆ ఏడుపు మధ్యలోనే డయానా, ముడత పడ్డ చాప అంచుని కాలి బొటనవేలితో సర్దుకుంది. అది చూసింది నేనూ, బహుశా రాజన్నా.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఇంటికి పోతే బాగుండేది. ఎడ్విన్ అన్నయ్య మైకు పట్టుకుని స్టేజీ మధ్యకి వచ్చాడు.

"మీరు చూసింది నటన కాదు. మీరు చూసింది నిజం. ఈ అమ్మాయి తన సొంత తండ్రిని పోగొట్టుకుంది. ఆ గాయాన్ని తెరిచింది నేను." డయానా పక్కనే ఉంది, చేతులు ముందు కట్టుకుని. "ఆ తండ్రి ఆఖరి మాటలు నా దగ్గరున్నాయి. ఈ రోజు మీ అందరికీ వినిపిస్తాను. షెరిన్, ఆ ఆడియో ప్లే చెయ్యమ్మా."

నాలుగొందల మంది వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఫైలు నా లాప్‌టాప్‌లో ఉంది. కర్సరు దాని మీదే ఉంది. డయానా నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తోంది. ఆగస్టులో ఆ ఆడియో పంపేటప్పుడు కూడా అలాగే చూసింది.

నేను లేచి నిలబడి గట్టిగా చెప్పాను. "మాఫీ అన్నయ్యా!"

"ఏంటీ?"

"ఫైల్ మాఫీ. లేదు."

ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. ఖతర్‌లో ఆ మాట అన్నాక ఇంక మాట్లాడటానికేం ఉండదు. బ్యాంకులోనైనా, బకాలా అనే కిరాణా కొట్లోనైనా. కానీ ఆయన పదకొండు రోజులు నేర్చుకుని వచ్చిన మనిషి.

"పర్వాలేదు. నేనే ఆ తండ్రిని అవుతాను," అన్నాడు, జేబులు తడుముకుని ఫోను దొరక్క.

కుర్చీ తెప్పించుకున్నాడు. కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అర నిమిషం ఏమీ లేదు, ఉండటం నడుస్తోంది. తర్వాత పెదవులు వణికాయి. గొంతులో ఎక్కడలేని తడి తెచ్చుకుని, ఆకాశం వైపు చెయ్యి చాపి మొదలెట్టాడు.

"డయానా... నా చిట్టి తల్లీ... ఎలా ఉన్నావమ్మా... ఈ తండ్రి నీ రాక కోసం... ఎదురు చూస్తున్నాడమ్మా..."

మొదట నేనది దగ్గు అనుకున్నాను. డయానా భుజం కదిలింది. ఇంకో భుజం కదిలింది. ఆపుకోవాలని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వింది.

ఎడ్విన్ అన్నయ్య ఒక కన్ను తెరిచాడు.

"సారీ అన్నయ్యా," అంది డయానా, నవ్వుతూనే. ఆమె కాలర్ మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. "మా నాన్న అలా మాట్లాడరు. చిట్టి తల్లీ అంటే ఆయనకే నవ్వొస్తుంది. ఆయనది అలా కాదు, ఇలా." ఎడమ అరచేత్తో ఎడమ చెవి గట్టిగా మూసుకుంది. లుంగీ ఎగ్గట్టినట్టు కాళ్ళు ఎడం చేసి నిలబడింది. హాలు ఆ చివరకి వినపడేలా అరిచింది. "అమ్మలూ! ఫోనెత్తవేంటే! గ్యాస్ పుస్తకం ఎక్కడెట్టావే, మీ అమ్మ నా బుర్ర తింటంది! బీరువాలో లేదంట! ఆ? వినపడతందా? ఒరేయ్, ఆ మోటారు ఆపరా! ఆపకు, ఆపకు, రొయ్యలు సచ్చిపోతాయ్! తిన్నావా? సరే, పెట్టేత్తన్నా!"

హాలంతా నవ్వింది. గోదావరి వాళ్ళు ఎక్కువ నవ్వారు. మోటారు ఆపమనడం, వద్దనడం ఆ నలభై ఒక్క సెకన్లలో లేవు. షీటు నింపుతూ అది యాభైసార్లు విన్నదాన్ని, నాకు తెలుసు. చెవి మూసుకోవడమూ అందులో లేదు, ఉండటానికి వీల్లేదు, అది వాయిస్ మెసేజ్. అదంతా ఆమె దగ్గరే ఉంది.

చెవి మీది చెయ్యి అలాగే ఉండిపోయింది. నవ్వు పోలేదు గానీ, మొహం మాత్రం మారింది. ముక్కు కారింది, మూతి వంకరపోయింది, అస్సలు బాలేదు. ఏ దరువుకీ అందని ఏడుపు. ఆమె గబుక్కున వెనక్కి తిరిగింది.

"చూశారా! చూశారా, ఆ ఎమోషన్!" అంటూ ఎడ్విన్ అన్నయ్య మైకుతో ముందుకి దూకాడు. ఎవరూ చెప్పకుండానే రాజన్న తాడు లాగాడు. డయానాకీ ఆయనకీ మధ్య తెర పడింది. ఆయన బయటే ఉండిపోయాడు. మైకు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి ఆపలేదు. వర్క్‌షాపు గురించి మొదలెట్టాడు, రోజు వారీగా. జనం లేచి కార్ల తాళాలు వెతుక్కుంటున్నారు.

డయానా కాలర్ మైకుని స్పీకర్లకి పోకుండా ఆపాను. నా హెడ్‌ఫోన్లలో మాత్రం వినిపిస్తోంది. ముక్కు చీదిన చప్పుడు. ఇంకోసారి చీదిన చప్పుడు.

"కాకా, సీను ఎట్లుంది?" అంది కాసేపటికి, యాసలోనే.

"రెండో ఏడ్పుకు గాలి సాలలే బిడ్డా. ముందుగాల్నే ఖర్సు వెట్టుకున్నవ్."

"చెయ్యి?"

"చెయ్యి మంచిగొచ్చింది." ఆయన మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు. తాడు కట్టేస్తున్న చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "సారు ఇంక మాట్లాడుతనే ఉన్నడా?"